నాన్న చేతులు జేబులో పెట్టుకున్న రోజు

ఆ ఇంట్లో మనుషులు ముగ్గురు, గొంతు ఒక్కటి. ఆ గొంతు చిలకది.

అమ్మకీ నాన్నకీ పుట్టుకతోనే వినపడదు. వాళ్ళకి పెళ్ళయిన నాలుగేళ్ళకి పుట్టిన ఈ పిల్లవి మాత్రం పాము చెవులు. రెండేళ్ళకే చేతులతో కథలు చెప్పేది, మూడేళ్ళకి నోటితో పోట్లాడేది. ఐదో ఏడు వచ్చేసరికి ఇంటి యజమానితో, పాలవాడితో, కరెంటాఫీసు గుమాస్తాతో, డాక్టరుతో అన్నీ తనే మాట్లాడేది. కుర్చీ ఎక్కితే గానీ కౌంటరు అందేది కాదు, మాటలు మాత్రం గలగలా వచ్చేవి. వీధిలోవాళ్ళు చిలక అని పేరు పెట్టారు. అమ్మానాన్నా ఆ పేరుని చేతిలోకి మార్చుకున్నారు. చూపుడువేలూ బొటనవేలూ ముక్కులా కలిపి పెదవి పక్కన రెండుసార్లు ఆడిస్తే చిలక అని అర్థం. వినపడనివాళ్ళలో ప్రతి మనిషికీ ఇలాంటి చేతిపేరు ఒకటుంటుంది. కాగితాల మీది పేరు కాగితాల మీదే పడి ఉంటుంది. పిలుచుకునేదీ, తలుచుకునేదీ, తిట్టుకునేదీ చేతిపేరుతోనే.

ఇప్పుడు చిలకకి ముప్ఫై ఆరేళ్ళు. బధిరుల పాఠశాలలో దుబాసీ ఉద్యోగం. మాస్టార్లు నోటితో చెప్పిన పాఠాన్ని పిల్లలకి చేతులతో చెప్పాలి. పుట్టినప్పటి నుంచీ చేస్తున్న పనే కాబట్టి దాన్ని ఉద్యోగమంటే ఆమెకే నవ్వొచ్చేది.

నాన్న పంపులు తయారుచేసే కార్ఖానాలో ముప్ఫై ఒక్క ఏళ్ళు ఇనుము కోసే లేత్ మిషన్ నడిపి, రెండేళ్ళ కిందటే రిటైరయ్యాడు. చదువు ఏడో తరగతి. ఆ ఏడైనా ఎలా చదివాడో ఆయన్నే అడగాలి. సైగలు అలవాటైతే పిల్లలు మాట నేర్చుకోరని ఆ రోజుల్లో బళ్ళో అందరినీ చేతులు తొడల కింద పెట్టించి కూర్చోబెట్టేవాళ్ళు. మాస్టారి పెదవులు చూసి పాఠం పట్టుకోవాలి. మాస్టారేమో సగంసేపు బోర్డు వైపు తిరిగి ఉండేవాడు.

"సైన్సు మాస్టారి వీపు నాకు బాగా గుర్తు. చొక్కా ఎక్కడ చిరిగిందో కూడా చెప్పగలను. సైన్సు మాత్రం అడక్కు" అని ఆయన ఇప్పటికీ చేతులతో చెప్పి నవ్విస్తుంటాడు.

కాలం మారింది, పిల్లల చేతులు తొడల కింద నుంచి బయటికొచ్చాయి. సైన్సు పాఠం మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. భౌతికశాస్త్రం మాస్టారు "పీడనం" అంటాడు. దానికి సైగ లేదు. చిలక ఆ మాటని ఒక్కో అక్షరమే వేళ్ళతో పేర్చి చూపిస్తుంది. పిల్లలు బుద్ధిగా అలాగే పేరుస్తారు, పుస్తకంలో రాసుకుంటారు, పరీక్షలో మళ్ళీ రాస్తారు. మాట వస్తుంది, సంగతి రాదు. ఇది ఒక్క బడి గొడవ కాదనీ, ఒక్క దేశం గొడవ అంతకన్నా కాదనీ చిలకకి ఆ ఏడాదే తెలిసింది.

అయిదు దేశాల విజ్ఞాన పరిషత్తులూ, విద్యాశాఖలూ కలిసి ఒక పని తలపెట్టాయి. మాటలు దేశానికొక రకంగా ఉన్నట్టే సైగలూ దేశానికొక రకం. కానీ ఈ సైన్సు మాటలకి ఎవరి దగ్గరా సరైన సైగలు లేవు. లేనివాటిని ఎవరికి వారు తయారుచేసుకునే బదులు అందరూ ఒక్కచోట కూర్చుని ఒకేసారి చేసుకుంటే, ఒక దేశంలో తీసిన పాఠం వీడియో ఇంకో దేశం పిల్లలకీ పనికొస్తుంది. నాలుగు వందల మాటలు, పద్నాలుగు రోజులు. సమావేశం చిలక వాళ్ళ ఊళ్ళోనే, ఉపాధ్యాయుల శిక్షణ కళాశాల మూడో అంతస్తులో.

బడి డైరెక్టరు గారు చిలకని గదిలోకి పిలిచారు.

"మన తరఫున దుబాసీగా నువ్వేనమ్మా. ఇంకో సంగతి. ఒక్కో దేశం నుంచి వినపడనివాళ్ళు ఇద్దరు కావాలన్నారు. పండితులు తేల్చిన సైగని కెమెరా ముందు చేసి చూపించడానికి. మీ నాన్నగారు వస్తారంటావా? సైగ చక్కగా చేస్తారు కదా."

నాన్న రెండు ప్రశ్నలే అడిగాడు. ఎన్నింటికి రావాలి? అక్కడ టీ ఇస్తారా? టీ ఇస్తారంది చిలక. అయితే సరే అన్నాడు.

"రెండో మనిషిగా నన్ను తీసుకెళ్ళొచ్చుగా" అంది అమ్మ, కుట్టుమిషన్ మీద నుంచి చెయ్యెత్తి.

"నువ్వొస్తే ఇంకెవరికీ చెయ్యెత్తే సందు దొరకదు" అన్నాడు నాన్న. అమ్మ చేతిలోని కొలత టేపు విసిరింది. చివరికి ఇద్దరూ వెళ్ళారు.

మొదటి నాలుగు రోజుల భాగోతం చెప్పుకోవాలి. హాలు మధ్యలో గుర్రపునాడా ఆకారంలో బల్లలు, వాటి మీద మైకులు, నీళ్ళ సీసాలు, చిన్న చిన్న జెండాలు. బల్లల చుట్టూ అయిదు దేశాల ఆచార్యులు. అందరూ వినగలిగినవాళ్ళే. వినపడని పదిమందికీ గోడవారగా కుర్చీలు వేశారు. ఒక ఆచార్యుడు తన భాషలో మాట్లాడితే, దాన్ని అద్దాల గదిలో కూర్చున్న దుబాసీ ఇంకో భాషలోకి మార్చి చెవుల్లో పోస్తే, అందులోంచి చిలకలాంటివాళ్ళు అయిదుగురు తమ తమ సైగల్లోకి మార్చాలి. ఎవరైనా జోకు వేస్తే మొదటి వరస నవ్విన అరనిమిషానికి గోడవార కుర్చీలు నవ్వేవి. అప్పటికి ఆయన సంతాప తీర్మానం చదువుతుండేవాడు.

"ఘర్షణ" అన్న ఒక్క మాట దగ్గరే ఒక పూట గడిచిపోయింది. ఆ మాట మొదటి అక్షరాన్ని వేలితో చూపించి చెయ్యి ఊపితే చాలని ఒకాయన అన్నాడు. బాగానే ఉంది, ఏ భాషలో మొదటి అక్షరం? అయిదు దేశాలకి నాలుగు లిపులు. మా అక్షరం పాతదంటే మా అక్షరం సులువని వాదన మొదలైంది. ఘర్షణకి సైగ దొరకలేదు గానీ ఘర్షణ మాత్రం బాగా కుదిరింది.

టీ విరామంలో చిలక వరండాలోకి వచ్చి చూసేసరికి అక్కడ లోకమే వేరుగా ఉంది. వినపడని పదిమందీ గుండ్రంగా నిలబడి కబుర్లలో మునిగిపోయారు. ఒకరి సైగలు ఒకరికి రావు. అయితేనేం, తెలియని చోట బొమ్మ గీసినట్టు గాలిలో గీస్తారు, మొహంతో చెబుతారు, మళ్ళీ మళ్ళీ తిప్పి చెబుతారు. పుట్టినప్పటి నుంచీ సైగ రానివాళ్ళ మధ్య బతికి, వాళ్ళకి అర్థమయ్యేలా చెప్పడం అలవాటైపోయిన మనుషులు. మూడో రోజుకల్లా ఎవరికి ఎంతమంది పిల్లలో, ఎవరి అల్లుడు సోమరిపోతో అందరికీ తెలిసిపోయింది. వాళ్ళలో ఎర్రకళ్ళజోడు పెట్టుకున్న ఒకావిడ తన దేశంలో భౌతికశాస్త్రం టీచరు. తెల్లమీసాల తాత ఒకాయన నలభై ఏళ్ళు తపాలా ఆఫీసులో ఉత్తరాలు విడదీసే పని చేసి దిగిపోయినవాడు. ఆ తాతా, చిలక నాన్నా ఒకరి భుజం మీద ఒకరు చరుచుకుంటూ చిన్ననాటి స్నేహితుల్లా ఉన్నారు.

లోపల మైకులూ చెవుల్లో యంత్రాలూ ఉన్నవాళ్ళు ఒకరికొకరు అందక తంటాలు పడుతుంటే, బయట ఏమీ లేనివాళ్ళకి అడ్డే లేదు. ఆ సంగతి చిలక డైరెక్టరు గారి చెవిన వేసింది కూడా.

"నిజమేనమ్మా. కానీ వాళ్ళని బల్ల దగ్గర కూర్చోబెట్టాలని పథకంలో రాసి లేదుగా" అన్నాడాయన. చెడ్డవాడు కాదు. అతిథులంటే భయం, రాతకోతలంటే భక్తి.

అయిదో రోజు చిత్రీకరణ మొదలైంది. హాలు చివర నీలం గుడ్డ కట్టారు, లైట్లు పెట్టారు. ఆచార్యులంతా చూడ్డానికి చేరారు. మొదటి మాట "పీడనం". దానికి కమిటీ తేల్చిన సైగ ఇది: ముందు ఒక అక్షరం, ఆ తర్వాత రెండు పిడికిళ్ళతో తల పక్కన నొక్కడం. తలనొప్పికి ఏ దేశంలోనైనా చేసే సైగ అది. చెయ్యవలసింది చిలక నాన్న.

ఆయన అమ్మ ఇస్త్రీ చేసి ఇచ్చిన చొక్కా వేసుకుని వెళ్ళి గుడ్డ ముందు నిలబడ్డాడు. కెమెరామన్ వేలెత్తాడు.

నాన్న రెండు చేతులూ ప్యాంటు జేబుల్లో పెట్టుకున్నాడు.

వినేవాళ్ళకి ఇందులో ఏముందో తట్టలేదు. ఆయనకి సిగ్గేస్తోందేమో, చలేస్తోందేమో అనుకున్నారు. గోడవార ఉన్న తొమ్మిదిమందీ మాత్రం ఒక్కసారి నిటారుగా కూర్చున్నారు. సైగలతో బతికే మనిషి పదిమంది ముందు చేతులు జేబులో పెట్టుకున్నాడంటే, మీతో మాట్లాడేది లేదని మొహం మీదే తలుపు వేసినట్టు.

కెమెరామన్ మళ్ళీ వేలెత్తాడు. నాన్న తల అడ్డంగా ఊపాడు. తర్వాత చేతులు బయటికి తీసి, చిలక వైపు కాకుండా బల్లల వైపు తిరిగి, తాపీగా, ఒక్కో సైగా విడివిడిగా చేస్తూ చెప్పడం మొదలుపెట్టాడు.

డైరెక్టరు గారు చిలక దగ్గరికి పరిగెత్తినట్టే వచ్చాడు. "ఏమంటున్నారమ్మా? కోపంగా ఉన్నారా? ఒంట్లో నలతగా ఉందని చెప్పెయ్యి. ఇంతమంది పెద్దవాళ్ళ ముందు పరువు పోతుంది తల్లీ."

చెప్పెయ్యడం చిలకకి కొత్తేమీ కాదు. అలా చెప్పీ చెప్పీ పెరిగింది. తొమ్మిదేళ్ళప్పుడు ఇంటి కప్పు కారుతోందని చెప్పబోతే, యజమాని "ఈ మూగాళ్ళతో చచ్చే చావుగా ఉంది" అంటే, "ఆయనకి తలనొప్పిగా ఉందట నాన్నా" అని చేతులతో చెప్పింది. నాన్న కోపంతో "నువ్వు మనిషివేనా" అని అడిగితే, "వచ్చే వారం బాగుచేయిస్తారా అని అడుగుతున్నారండీ" అని నోటితో అంది. రెండువైపులా ముళ్ళు ఏరేసి పువ్వులు అందించడమే తన పనని అనుకునేది. ఆ తర్వాత చదువుకుంది, దుబాసీ పనికి ధర్మం ఉంటుందని, ఉన్నదున్నట్టు చెప్పాలని నేర్చుకుంది. వినపడని సాక్షుల కోసం అప్పుడప్పుడు వెళ్ళే కోర్టులో ఆ ధర్మం తప్పలేదు. కానీ అక్కడ నిలబడింది ఎప్పుడూ పరాయివాళ్ళే.

నాన్న మొహం చూసింది. ఆయన తన వైపు చూడనైనా చూడటం లేదు. తన పని ఆమె చేస్తుందని నమ్మి, తన పని తాను చేస్తున్నాడు.

చిలక డైరెక్టరు గారిని తప్పించుకుని ముందుకు నడిచి మైకు అందుకుంది.

"ఇది నా మాట కాదు, ఆయన మాట" అంది ముందుగా. ఆ తర్వాత నాన్న చెప్పింది నాన్న చెప్పినట్టే చెప్పింది:

"ఈ సైగ నేను చెయ్యను. దీన్ని చెవులున్నవాళ్ళు కూర్చుని చేశారు. చూస్తే తలనొప్పి తప్ప ఏమీ కనిపించదు. నేను చదివిన బళ్ళో ఇలాగే చేశారు. నాకేమీ అర్థం కాలేదు, అర్థమైందని తలూపమన్నారు, ఊపాను. ఏడేళ్ళు ఊపాను. ఇప్పుడు నా చేత ఇది చేయించి అయిదు దేశాల పిల్లలకి చూపిస్తారు. వాళ్ళూ తలూపుతారు. అప్పుడు వాళ్ళకి అబద్ధం చెప్పినవాణ్ణి నేనే అవుతాను. నోటితో అబద్ధం ఎలా చెబుతారో నాకు తెలీదు. చేతులతో మాత్రం నేను చెప్పను."

అద్దాల గదిలోని దుబాసీలు ఒకరి తర్వాత ఒకరు ముగించారు. ఆఖరి భాషలో ఆఖరి మాట పడేదాకా ఎవరూ కదల్లేదు. డైరెక్టరు గారు కుర్చీలో కూలబడి నుదురు తుడుచుకుంటున్నాడు.

సభకి అధ్యక్షుడు దూరదేశం నుంచి వచ్చిన ముసలి భౌతికశాస్త్రవేత్త. మాట పొదుపు మనిషి. ఆయన చెవుల్లోంచి యంత్రం తీసి బల్ల మీద పెట్టాడు. లేచి నీలం గుడ్డ దగ్గరికి నడిచి వచ్చి, నాన్న ఎదురుగా నిలబడి అడిగాడు.

"అయితే మీరెలా చేస్తారు?"

చిలక చేతులతో చెప్పింది. నాన్న భుజాలెగరేశాడు.

"పీడనమంటే ఏమిటో ముందు ఎవరైనా నాకు చెప్పండి. నాది ఏడో తరగతి."

అప్పుడు లేచింది ఎర్రకళ్ళజోడావిడ. అయిదు రోజులుగా గోడవార మగ్గిపోయిన మనిషి. ఎవరినీ అడక్కుండా, ఏ దుబాసీకోసమూ ఆగకుండా లైట్ల మధ్యకి వచ్చి, నాన్న అరచెయ్యి పట్టుకుంది. తన అరచేతిని దాని మీద పరిచి గట్టిగా తోసింది. ఎలా ఉంది? ఏమీ లేదన్నాడు నాన్న. అంతే బలం, చూడు అని తన మొహంతోనే చెప్పి, అరచేతిని ముడిచి, ఒక్క చూపుడువేలితో అదే చోట పొడిచింది. నాన్న ఉలిక్కిపడి చెయ్యి లాక్కున్నాడు. అదే బలం. చోటు పెద్దదైతే తక్కువ, చోటు చిన్నదైతే ఎక్కువ. అదీ పీడనం, అంది.

నాన్న తన అరచెయ్యి తిప్పి చూసుకున్నాడు. ఆయన కళ్ళలో ఏదో కదలడం చిలక చూసింది. మెల్లగా నవ్వు మొదలై మొహమంతా పాకింది.

"ఇదా?" అన్నాడు. "ఓసి, ఇదా? లేత్ మీద టూలు మొన మొద్దుబారితే ఎంత బలం పెట్టినా ఇనుము తెగదు. మొన సాన పెడితే వెన్న కోసినట్టు కోస్తుంది. ముప్ఫై ఒక్క ఏళ్ళు దీంతోనే అన్నం తిన్నాను. దీనికింత పెద్ద పేరుందని ఒక్కడూ చెప్పలేదు!"

చిలక ఆ మాటల్ని ఉన్నవి ఉన్నట్టు మైకులో చెప్పింది.

నాన్న ఎడమ అరచేతిని నిలువుగా చాచాడు. కుడి అరచేతిని దాని మీద మోపి తోశాడు, ఎడమ చెయ్యి కదల్లేదు. కుడి అరచెయ్యి ముడుచుకుని ఒక్క వేలు మిగిలింది, ఆ వేలు తగలగానే ఎడమ అరచెయ్యి లోపలికి గుంటపడింది. చాలా పొడుగైందని తెల్లమీసాల తాత కుర్చీలోంచే అరిచినంత పని చేశాడు, చేతులతోనే. లేచొచ్చి దాన్ని కత్తిరించాడు: అరచెయ్యి, వెంటనే వేలు, గుంట. రెండు కదలికలు, అంతే. ఎర్రకళ్ళజోడావిడ ఎడమచేతి కోణం సరిచేసింది. అమ్మ ఊరుకుంటుందా, ఎడమచెయ్యి చుట్టూ తిప్పితే గాలి పీడనమవుతుందని, కింద నుంచి పైకి పెడితే నీటి పీడనమవుతుందని చేసి చూపించింది. పదిమందీ ఆ లైట్ల కింద ఒకచోట చేరారు. అయిదు దేశాల మనుషులు, అందరి చేతులూ ఒకే సైగ చేస్తున్నాయి.

అధ్యక్షుడు ఇంకొకసారి చూపించమన్నాడు. నాన్న చూపించాడు. ముసలాయన తన చేతులతో నేర్చుకుంటూ, తడబడుతూ చేశాడు.

"నలభై ఏళ్ళుగా పాఠం చెబుతున్నాను" అన్నాడు బల్లల వైపు తిరిగి. "బలాన్ని వైశాల్యంతో భాగించాలని బోర్డు మీద రాస్తాను. ఈయన ఆ భాగహారాన్ని చేత్తో చేశాడు."

మర్నాడు హాల్లోకి వచ్చేసరికి బల్లలు గోడవారకి జరిపి ఉన్నాయి. మధ్యలో పది కుర్చీలు గుండ్రంగా వేసి ఉన్నాయి. ఆచార్యులు గోడవార కూర్చుని, అడిగినప్పుడు మాత్రం వివరం చెప్పాలి. పథకంలో రాసి లేని ఈ పనిని రాత్రికి రాత్రే పథకంలో రాసినవాడు డైరెక్టరు గారే. ఆ ముక్క ఆయన నాలుగుసార్లు చెప్పుకున్నాడు, చెప్పుకోనిచ్చారు.

అంతా సాఫీగా సాగిందని చెప్పలేను. అయస్కాంతం దగ్గర తాతా, ఎర్రకళ్ళజోడావిడా ఒక పూటంతా మాట్లాడుకోలేదు. "అణువు" మూడుసార్లు కుదిరి మూడుసార్లు చెడింది. ఇక పిస్టన్ సంగతి చెప్పుకోకుండా ఉండటమే మర్యాద. నాన్న తన కార్ఖానా అనుభవమంతా రంగరించి చక్కటి సైగ ఒకటి చేశాడు. చెయ్యగానే తాత కళ్ళు మూసుకున్నాడు, వాళ్ళ దేశం రెండో ఆయన కుర్చీ మీద నుంచి కిందికి జారిపోయాడు. అది వాళ్ళ వీధుల్లో ఎవరూ తల్లిదండ్రుల ముందు చెయ్యని సైగట. "ఎందుకు నవ్వుతున్నారమ్మా, ఏమైంది?" అని డైరెక్టరు గారు అమాయకంగా అడిగాడు. చిలక తన ఉద్యోగ జీవితంలో మొదటిసారి అనువాదం చెయ్యనంది.

పద్నాలుగు రోజులకి నాలుగు వందల మాటలూ పూర్తికాలేదు. రెండు వందల పన్నెండే అయ్యాయి. తక్కినవి వచ్చే ఏడాది ఎర్రకళ్ళజోడావిడ ఊళ్ళో కూర్చుని చేద్దామనుకున్నారు. కానీ ఆ రెండు వందల పన్నెండింటిలో చూసి తలూపి ఊరుకునేది ఒక్కటీ లేదు.

జేబుల్లో చేతులు పెట్టుకున్న ఆ రోజు సాయంత్రం ఇంట్లో జరిగింది ఒకటి చెప్పాలి. అమ్మ గుడ్డ కత్తిరిస్తోంది. నాన్న కాళ్ళు కడుక్కుని వచ్చి చిలక ఎదురుగా కూర్చున్నాడు.

"ఇవాళ నేను చెప్పిందంతా చెప్పావా?"

"చెప్పాను."

"అబద్ధం అన్న మాట కూడా?"

"అదీ చెప్పాను."

నాన్న తలాడించాడు. "తెలుసు. ఊరికే అడిగాను."

"ఎలా తెలుసు?"

"చిన్నప్పుడు నువ్వు కోసేసేదానివి. నేను ఎదుటివాణ్ణి తిట్టేవాణ్ణి, వాడు నవ్వి నీ తల నిమిరేవాడు. తిడితే నవ్వుతారా ఎవరైనా? నా మాట వాళ్ళదాకా వెళ్ళలేదని వాళ్ళ మొహాలే చెప్పేవి." ఆయన ఇంకాస్త దగ్గరికి జరిగాడు. "ఇవాళ నేనన్నదీ, వాళ్ళ మొహాల్లో కనిపించిందీ ఒకటే. ఇన్నేళ్ళలో ఇదే మొదటిసారి."

చిలకకి కన్నీళ్ళు ఆగలేదు. "నాకప్పుడు తొమ్మిదేళ్ళు నాన్నా. ఆ మాటలు నీకెలా చెప్పను?"

"నిన్నేమన్నా అన్నానా? ఆ వయసులో నా బరువూ నువ్వే మోశావు, వాళ్ళ బరువూ నువ్వే మోశావు. తెలిసే ఊరుకున్నాను." ఆయన తన మొద్దుబారిన చేత్తో ఆమె నుదుటి మీది జుట్టు వెనక్కి తోశాడు. "ఇవాళ దించేశావు. బాగుంది."

అమ్మ కత్తెర పక్కన పెట్టి, "అన్నం తిన్నాక ఏడవొచ్చు, లేవండి" అంది.

ఎనిమిది నెలలు గడిచాయి. ఆ వీడియోలు అయిదు దేశాల బళ్ళలోకీ వెళ్ళాయి. చిలక తరగతిలో మాస్టారు ఇప్పుడు "పీడనం" అంటే ఆమె వేళ్ళు అక్షరాలు పేర్చవు. పిల్లలు ఆ సైగ చూసి, మరి ఒంటె పాదం వెడల్పుగా ఉండేది ఇందుకేనా అని ఎదురు అడుగుతున్నారు. ఒకరోజు ఎర్రకళ్ళజోడావిడ దగ్గర నుంచి చిన్న వీడియో వచ్చింది. మీ ముగ్గురూ కలిసి చూడండి అని కింద రాసి ఉంది.

చిలక ఫోను బల్ల మీద నిలబెట్టింది. తెరమీద ఒక తరగతి గది. కిటికీ బయట ఎప్పుడూ చూడని చెట్లు, లోపల ఎప్పుడూ చూడని రకం బల్లలు. పన్నెండేళ్ళ పిల్ల ఒకతి లేచి ముందుకొచ్చింది. ఒక భుజానికి సన్నటి తాడున్న సంచీ, రెండో భుజానికి వెడల్పు పట్టీ ఉన్న సంచీ. రెండింట్లోనూ అవే పుస్తకాలు. సన్నతాడు భుజాన్ని ఎందుకు కోస్తుందో, వెడల్పు పట్టీ ఎందుకు కోయదో తోటిపిల్లలకి చేతులతో చెబుతోంది. వాళ్ళ సైగలు వేరు, చిలకకి సగమే అందుతోంది. కానీ మధ్యలో "పీడనం" దగ్గర ఆ చేతులు ఇంట్లో మనిషి చేతుల్లా ఉన్నాయి. అరచెయ్యి, వేలు, గుంట. అది చేస్తూ ఆ పిల్ల కుడిబుగ్గని బుడగలా ఉబ్బించింది.

ఇంకో పిల్ల లేచి ప్రశ్న అడిగింది. ఆ పిల్లా పీడనమంటూ కుడిబుగ్గ ఉబ్బించింది. వెనక బల్ల మీద పిల్లలు, వాళ్ళ బుగ్గలూ అంతే.

అమ్మ పకపకా నవ్వుతూ నాన్న వీపు మీద చరిచింది.

"ఇది నీ మొహం! బలంగా ఏది అదిమినా పెడతావే, అదే మొహం! నలభై ఏళ్ళ నుంచి నేను భరిస్తున్నాను. వీడియో చూసి అది కూడా సైగలో భాగమే అనుకున్నారు పాపం పిల్లలు!"

నాన్న నమ్మలేదు. తను బుగ్గ ఉబ్బిస్తానని ఆయనకి అప్పటిదాకా తెలియనే తెలియదు. చిలక పాత వీడియో తీసి చూపించింది. నిజమే. నీలం గుడ్డ ముందు ఇస్త్రీ చొక్కాలో నిలబడి, కుడిబుగ్గ ఉబ్బించి ఇనుము కోస్తున్నట్టు అరచేతిని అదుముతున్నాడు. సముద్రాలవతల ఏ దేశమో, అక్కడి పిల్లలు తన ముఖకవళికతో సైన్సు చదువుకుంటున్నారు.

ఆయన ఆ తరగతి వీడియోని మళ్ళీ పెట్టించుకున్నాడు. మళ్ళీ పెట్టించుకున్నాడు. నాలుగోసారి చూస్తూ ముందుకు వంగి, ఆ పిల్ల చేతిని వేలితో చూపించాడు.

"ఇది చూడు. వేలు వంచేస్తోంది."

"చిన్నపిల్ల నాన్నా."

"చిన్నపిల్లయితే? మొన వంగితే పని చెడుతుంది. ఇప్పుడే చెప్పాలి. ఫోను పట్టుకో."

అమ్మ ఆయన చొక్కా మార్పించింది, కాలరు సరిచేసింది, వెలుతురు చాలదని కిటికీ దగ్గరికి నడిపించింది. మొదటిసారి తీసినప్పుడు నాన్న బుగ్గ ఉబ్బించకూడదని తంటాలు పడ్డాడు, మొహం అదోలా వచ్చింది. "ఎప్పటిలాగే ఉండు, లేకపోతే పిల్లలు గుర్తుపట్టరు" అని అమ్మ కసిరింది. రెండోసారి చిలకే నవ్వేసి ఫోను కదిల్చింది. మూడోసారికి కుదిరింది.

తెరమీద నాన్న తిన్నగా ఆ పిల్లతోనే మాట్లాడాడు. "తల్లీ, సంచీలతో భలే చెప్పావు. నాకు తట్టలేదు. వేలు మాత్రం వంచకు, ఇదిగో ఇలా నిటారుగా పెట్టు." తర్వాత, కాస్త సిగ్గుపడుతూ, రెండు చేతులూ పైకెత్తి, వినపడనివాళ్ళు చప్పట్లకి బదులు చేసేట్టు, వేళ్ళు విప్పి గాలిలో ఆడించాడు.

చిలక పంపింది.